మా నాన్న నోరు విప్పిన ఆదివారం

నవంబరులో గాలి కాస్త తేడాగా వీస్తే చాలు, మా అమ్మ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. "అక్కడేమైనా వానుందా అమ్మా, కిటికీలు వేసుకున్నావా" అని. నేనుండేది హైదరాబాదులో, నాలుగో అంతస్తులో, సముద్రం ఎక్కడో నేనెక్కడో. అయినా అడుగుతుంది. నేను కూడా "వేసుకున్నానమ్మా" అంటాను, వేసుకోకపోయినా. మా కోనసీమ వాళ్లెవరికైనా 1996 నవంబరు 6 అని తారీఖు చెప్పక్కర్లేదు, "ఆ తుఫాను" అంటే చాలు, ఏ తుఫానో అర్థమైపోతుంది.

దీని గురించి రాద్దామని ఎన్నో ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. మా మందిరంలో, అంటే మా చర్చిలో, ఆడవాళ్లు లేచి సాక్ష్యం (దేవుడి గురించి తమ అనుభవం) చెప్పరు. కాబట్టి నాకు తెలిసిన సాక్ష్యం ఇక్కడ రాస్తున్నాను. నిజానికి ఇది నాది కూడా కాదు, మా నాన్నది. ఆయన 2019లో ప్రభువు దగ్గరకు వెళ్లిపోయారు.

మాది ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. పేట చివర, కాలవ గట్టు పక్కన తాటాకిల్లు. నాన్న కొబ్బరికాయలు ఒలిచేవాడు. దింపు వాళ్లు చెట్టెక్కి గెలలు కోస్తే, ఆ కాయలు గుట్టగా పోసిన చోట గునపం పాతి పెట్టుకుని, కాయని దాని మీద గుచ్చి ఒక్క మెలి తిప్పితే పీచు ఊడి వచ్చేది. రోజుకి వెయ్యి కాయలు ఒలిచిన రోజులున్నాయి. ఆయన అరచేతులు చెక్కలా ఉండేవి, చిన్నప్పుడు నా చెంప నిమిరితే గీసుకునేది. మాట మాత్రం చాలా తక్కువ. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే అందులో నాలుగు "అలాగేనండి".

మాది బ్రదరన్ సంఘం. తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అని ఇద్దరు వచ్చారు, ఒకాయన రాతి పని చేసేవాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. పెద్ద చదువుల దొరలు కాదు, చేతిపని వాళ్లు. నరసాపురంలో ఉండి ఈ డెల్టా అంతా తిరిగారు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు అక్కడ పోగైన వేల మంది కూలీల మధ్యకెళ్లి సువార్త చెప్పారు. 1852కి ఆనకట్ట పూర్తయింది, కాలవలు వచ్చాయి, నీళ్లు వచ్చాయి. మా మామ్మ మాత్రం ఈ కథని ఇంకో వైపు నుంచి చెప్పేది. "ఆ రాళ్లు మోసిన వాళ్లలో మనోళ్లున్నారే అమ్మాయ్. ఊళ్లో మనల్ని బావి దగ్గరికి రానివ్వని రోజుల్లో ఆ దొరలు మన పక్కన కూర్చుని అన్నం తిన్నారంట" అనేది. దానికి కాగితమేమీ లేదు, ఆవిడ నోటి మాటే. కానీ మా ఇంట్లో ఆ మాట తరాలుగా నిలబడింది.

మా ఆరాధనలో జీతం తీసుకునే పాస్టరు గారు వారం వారం నిలబడి చెప్పడం ఉండదు. ఆదివారం పొద్దున, యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె విరిచే ఆరాధనకి అందరం చాపల మీద కూర్చుంటాం, మగవాళ్లు ఒక పక్క, తల మీద చెంగు కప్పుకుని ఆడవాళ్లు ఇంకో పక్క. ఎవరికి ప్రేరణ కలిగితే ఆ సహోదరుడు లేచి ప్రార్థన చేస్తాడు, లేకపోతే ఒక కీర్తన ఎత్తుకుంటాడు, లేదంటే ఒక వాక్యం చదువుతాడు. మధ్యలో ఎవరూ ఏమీ మాట్లాడని నిశ్శబ్దం ఉంటుంది, ఒక్కోసారి ఐదు నిమిషాలు కూడా. చిన్నప్పుడు ఆ నిశ్శబ్దంలో నేను గోడ మీద బల్లిని చూస్తూ కూర్చునేదాన్ని. బాప్తిస్మం తీసుకుని పన్నెండేళ్లయినా ఆ నిశ్శబ్దాన్ని ఒక్కసారి కూడా చెదరగొట్టని మనిషి మా నాన్న. గుమ్మం పక్కన కూర్చుని, తల వంచుకుని, అయిపోయాక అందరికీ వందనాలు చెప్పి వచ్చేసేవాడు.

మామ్మకి ఇది పెద్ద బాధ. ఇంట్లో ఆవిడ ప్రార్థన మొదలుపెడితే కాలవ అవతలి గట్టుకి వినపడేది. పేటలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి గేదె తప్పిపోయినా, ఆవిడ ప్రార్థనలో పేరు పేరునా రావలసిందే. కానీ మందిరంలో మాత్రం నోరు తెరిచే వీలు లేదు. ఒకరోజు నాన్నతో అంది, "ఒరే నాయనా, చెప్పాలనున్న దానికి అక్కడ లేచే వీలు లేదు, లేచే వీలున్న వాడికి చెప్పాలని లేదు. ఏం చెయ్యమంటావురా నన్ను?" నాన్న ఏమీ అనలేదు. చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఇంక ఆ బుధవారం. పొద్దుట్నుంచీ ముసురు. రేడియోలో తుఫాను అన్నారు గానీ మా వైపు తుఫాను అనే మాట ప్రతి కార్తీకంలో వినేదే. చీకటి పడ్డాక గాలి మొదలైంది, ఎనిమిదయ్యేసరికి మా ఇంటి మీద తాటాకు ఒక్కొక్క మట్ట లేస్తోంది. నాన్న నన్నూ తమ్ముడినీ చెరో చంకలో పెట్టుకుని, అమ్మ మామ్మని పట్టుకుని, మందిరానికి పరిగెత్తాం. పేటలో ఇటుక గోడలున్నది అదొక్కటే. అప్పటికే అక్కడ యాభై అరవై మంది ఉన్నారు, మా సంఘం వాళ్లే కాదు, కాలవ గట్టు మీద గుడిసెలేసుకున్న వాళ్లందరూ. కాసేపటికి పైన రేకులు లేచిపోయాయి. ఆ చప్పుడు నేను చెప్పలేను. పడమటి గోడ వారగా అందరం ఒకళ్ల మీద ఒకళ్లం పడి కూర్చున్నాం. వాన చుక్కలు కావవి, గులకరాళ్లతో కొడుతున్నట్టుంది. బయట కొబ్బరి చెట్లు విరుగుతున్నాయి, ఒకటి తర్వాత ఒకటి, టపాకాయల్లా. మధ్యలో ఒకసారి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. కొందరు ఇళ్లు చూసుకొద్దామని లేచారు. పెద్దాయన ఒకాయన "కూర్చోండ్రా, ఇది వెనక్కి తిరుగుద్ది" అని అరిచాడు. అలాగే అయింది, ఈసారి అవతలి వైపు నుంచి వచ్చింది గాలి. అందరం చీకట్లో పాక్కుంటూ ఎదుటి గోడ కిందకి మారాం.

ఆ రాత్రంతా మామ్మ ప్రార్థన చేసింది. మందిరంలో, మగవాళ్ల ముందు, గొంతెత్తి. ఎవరూ ఆపలేదు. సంఘం పెద్దలు అక్కడే ఉన్నారు, వాళ్లూ వణుకుతూ "ఆమెన్" అన్నారు. నాన్న మా ఇద్దరి మీద గొడుగులా వంగి ఉన్నాడు, ఆయన గుండె చప్పుడు నా వీపుకి తెలుస్తోంది. ఒక్క మాట లేదు.

తెల్లారి బయటికొస్తే ఊరు లేదు. అంటే ఇళ్లు పోయాయని కాదు, అవి పోయాయి సరే, అసలు ఊరు గుర్తుపట్టే వీలు లేకుండా పోయింది. కోనసీమలో ఎక్కడ నిలబడినా ఆకాశం ముక్కలు ముక్కలుగానే కనపడుతుంది కదా, కొబ్బరి మట్టల మధ్య నుంచి. ఆ పొద్దున మొత్తం ఆకాశం ఒక్కసారే కనిపించింది. మా పేటలోంచి పక్క ఊరి శివాలయం గోపురం కనిపించింది, అది అంత దగ్గరని అప్పటిదాకా మాకెవరికీ తెలీదు. నిలబడిన చెట్లకి కూడా మొవ్వు మెలి తిరిగిపోయింది. చేలో గింజ పోసుకుంటున్న వరి మొత్తం నీళ్లలో పడుకుంది. మా పేటలో ఇద్దరు పోయారు. ఇంకా కింద, సముద్రం వార, బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకెళ్లిన వాళ్లు తిరిగి రాలేదన్న కబురు మెల్లగా వచ్చింది. మొత్తం మీద వెయ్యి మందికి పైగా చనిపోయారు. మూడు రోజులు కింద పడ్డ బొండాల నీళ్లే తాగాం, చెరువు నీళ్లు తాగే స్థితిలో లేవు.

ఆదివారం వచ్చింది. పదో తారీఖు. ఆ రోజే దీపావళి కూడా. ఊళ్లో ఎవరి దగ్గరా ప్రమిదల్లోకి నూనె లేదు, కిరసనాయిలు లేదు, కరెంటు స్తంభాలన్నీ చేలల్లో పడున్నాయి. కప్పు లేని మందిరంలోకి వెళ్లాం. చాపలు లేవు, ఇటుక ముక్కలు పక్కకి నెట్టి తడి నేల మీదే కూర్చున్నాం. రొట్టెకి గోధుమపిండి దొరక్క సంఘం పెద్ద గారి భార్య బియ్యప్పిండితో ఒక రొట్టె కాల్చి గుడ్డలో చుట్టుకుని తెచ్చింది. ఎవరూ కీర్తన ఎత్తుకోలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో నాకు గుర్తు లేదు గానీ, ఎప్పటి నిశ్శబ్దం కాదది. అందరికీ ఒకే ప్రశ్న ఉంది, ఎవరూ పైకి అడగలేకపోతున్నారు.

అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో లేచారు. నేను తల తిప్పి చూస్తే మా నాన్న.

చేతిలో మామ్మ బైబిలు. తడిసి ఉబ్బిపోయి పేజీలు అంటుకుపోయాయి, ఎక్కడ విడిపోతే అక్కడే తెరవాలి. అది హబక్కూకు మూడో అధ్యాయం దగ్గర విడిపోయిందో, ఆయనే వెతికి తీశాడో నేనెప్పుడూ అడగలేదు. నాన్న చదువు మూడో తరగతి. వేలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, "అంజూరపు చెట్లు" అని చదివి ఆగిపోయాడు. చదవలేక ఆగాడనుకున్నాను. సిగ్గుతో నా మొహం వేడెక్కింది, పదకొండేళ్ల పిల్లని మరి. ఆయన బైబిలు మూసి గోడ అవతలికి, పడిపోయిన చెట్ల వైపు చూశాడు.

"అంజూరపు చెట్టు నేనెప్పుడూ చూళ్లేదండి" అన్నాడు. "నాకు తెలిసింది కొబ్బరి చెట్టేనండి. కొబ్బరి చెట్టు గెల వెయ్యకపోయినా... చేలో వరి ఇంటికి రాకపోయినా... పాకలో గేదె లేకపోయినా..." మా గేదె కాలవలో కొట్టుకుపోయింది, ఆ మాట దగ్గర గొంతు పట్టేసింది. కాసేపు ఆగి, "నేను దేవుడిలో సంతోషిస్తానని ఇందులో ఉందండి. నాకు సంతోషం రావట్లేదండి. అబద్ధం చెప్పను. కానీ చెప్తున్నానండి, మీ అందరి ముందూ. వచ్చాక చెప్దామంటే ఎప్పుడొస్తదో తెలీదు కదండీ" అన్నాడు. కూర్చున్నాడు.

ఇంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆడవాళ్ల వైపు నుంచి మామ్మ ఏడుపు వినిపించింది. తర్వాత ఎవరో కీర్తన ఎత్తుకున్నారు, అందరూ పాడారు, రొట్టె విరిచారు.

నేను ఆ తర్వాత చాలా సాక్ష్యాలు విన్నాను. పెద్ద పెద్ద స్టేజీల మీద, మైకుల్లో, రోగం తగ్గిందని, అప్పు తీరిందని, వీసా వచ్చిందని. వాటిని తక్కువ చెయ్యను, దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం మంచిదే. కానీ మా నాన్న చెప్పింది అలాంటిది కాదు. ఇంకా ఏ మేలూ జరగలేదు, జరుగుతుందన్న గుర్తు కూడా లేదు, లోపల సంతోషం కూడా లేదు. ఒక్క మాట ఉంది, అది ముందు బయటికి చెప్పేశాడు. విశ్వాసం అంటే ఏంటని నన్నెవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ గోడ పక్కన నిలబడ్డ మనిషే.

తర్వాత కష్టం అసలు మొదలైంది. బయటి వాళ్లకి తుఫాను అంటే ఒక రాత్రి. మాకు ఏడేళ్లు. మొదటి రెండు నెలలూ నాన్నకి చేతినిండా పని, ఎందుకంటే కోట్ల రూపాయల కాయ ఒక్కసారే నేల మీద పడి ఉంది, ఒలవాలి. అందరి దగ్గరా కాయే కాబట్టి ధర లేదు, ఒలుపు కూలీ కూడా పడిపోయింది. సంక్రాంతి దాటాక కాయ లేదు. చెట్టే లేదు. బతికిన చెట్టు మళ్లీ సరిగా గెల వెయ్యడానికి రెండు మూడేళ్లు, కొత్త మొక్క నాటితే కాపుకి ఐదారేళ్లు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి వెళ్లే లారీలు మా రోడ్డు మీద కనపడటం మానేశాయి. నాన్న గునపం మూల నిలబెట్టి ఉండేది, తుప్పు పట్టకుండా మామ్మ దానికి అప్పుడప్పుడూ కొబ్బరినూనె రాసేది.

అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్కన కుండలో వేసి ఆదివారం మందిరానికి తీసుకెళ్లడం మా ఆడవాళ్ల అలవాటు, పిడికెడు బియ్యం కానుక అంటాం. రెండు పూటలు ఒక పూట అయిన రోజుల్లో కూడా అమ్మ అది ఆపలేదు. పిడికిలి చిన్నదైంది అంతే. ఆ బియ్యమంతా పోగుచేసి సంఘంలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకి పంపేవాళ్లు. ఒకసారి ఆ సంచి మా ఇంటికే వచ్చింది. అమ్మ తీసుకుని, అందులోంచి ఒక పిడికెడు తీసి మళ్లీ కుండలో వేసింది.

1998లో అమ్మ కువైట్ వెళ్లింది, ఇంటిపనికి. మా పేటలోంచి అప్పటికే చాలామంది ఆడవాళ్లు వెళ్తున్నారు, తుఫాను తర్వాత ఇంకా ఎక్కువయ్యారు. ఏజెంటుకి కట్టడానికి ఇంట్లో ఉన్న అరకాసు బంగారం, పెద్దనాన్న దగ్గర అప్పు. వెళ్లేటప్పుడు పెట్టెలో బట్టల మధ్య చిన్న కొత్త నిబంధన పెట్టుకుంది. అప్పట్లో ఫోను ఖరీదు కాబట్టి గల్ఫ్ వాళ్లందరూ క్యాసెట్లు పంపేవాళ్లు, మాటలు రికార్డు చేసి, ఎవరైనా ఊరికి వస్తుంటే వాళ్ల చేత. ఎదురింటి వాళ్ల టేప్ రికార్డరు తెచ్చుకుని రాత్రి భోజనాలయ్యాక వినేవాళ్లం. ఒక క్యాసెట్లో అమ్మ గొంతు చాలా చిన్నగా ఉంది, చెవి ఆనించి వినాలి. వెనక నీళ్ల చప్పుడు. "ప్రార్థన పైకి చేస్తే ఈ ఇంట్లో వాళ్లకి నచ్చడం లేదు, అందుకని బాత్రూములో కొళాయి తిప్పి చేసుకుంటున్నాను" అంది. తర్వాత మా నలుగురి పేర్లూ చెప్పి ప్రార్థన చేసింది, ఆ గుసగుసలోనే. కువైట్ సిటీలో చర్చి ఉంది, శుక్రవారం మన తెలుగు వాళ్లు కూడుకుంటారు, కానీ ఆ ఇంటి వాళ్లు శుక్రవారం సెలవిచ్చేవాళ్లు కాదు. మూడేళ్ల తర్వాత వేరే ఇంటికి మారాకే తను ఆ చర్చి గుమ్మం ఎక్కింది. మామ్మ అప్పటికి లేదు. అమ్మ గొంతెత్తి పాడిన క్యాసెట్టు వచ్చేసరికి వినడానికి ముగ్గురమే ఉన్నాం.

ఇంక నాకు చాలాకాలం నొప్పి పెట్టిన సంగతి. 2001లో నా పదో తరగతి అయ్యింది, మంచి మార్కులొచ్చాయి. కుల ధృవీకరణ పత్రం కోసం నాన్నా నేనూ మండలాఫీసుకి వెళ్లాం. మన చట్టం సంగతి చాలామందికి తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ మార్చారు గానీ క్రైస్తవులకి మార్చలేదు. మన రాష్ట్రంలో మమ్మల్ని బీసీ-సి (వెనకబడిన తరగతుల్లో ఒక గ్రూపు) అంటారు, రిజర్వేషన్ ఒక్క శాతం. ఊళ్లో మా పేట ఎక్కడుందో, మమ్మల్ని ఎవరు ఎలా పిలుస్తారో, అవేమీ బాప్తిస్మంతో మారలేదు. కాగితం మాత్రం మారిపోతుంది.

అక్కడ కూర్చున్నాయన మంచివాడే. మా నాన్న మొహం చూసి, "ఏవయ్యా, హిందూ అని రాసేస్తాను, పిల్ల బాగా చదువుతోంది, రేపు సీటూ ఉద్యోగం రావొద్దా? ఇంట్లో మీరేం చేసుకుంటారో ఎవరొచ్చి చూస్తారు" అన్నాడు. అందులో చెడు ఏమీ లేదు, ఆయన నిజంగా మాకు మేలు చెయ్యాలనే అన్నాడు. నా మనసు కూడా రాయించెయ్యమనే అంటోంది. నాన్న వైపు చూశాను.

నాన్న చాలాసేపు బల్ల వైపు చూశాడు. తర్వాత, "మా ఇంటిది ఆ దేశంలో తలుపేసుకుని, కొళాయి తిప్పుకుని ప్రార్థన చేసుకుందండి, మూడేళ్లు. దానికి అక్కడ వీలు లేదు. నాకిక్కడ నోరు నొక్కేవాళ్లెవరూ లేరు కదండీ. గాలివానప్పుడు అందరి ముందూ చెప్పానండి ఒక మాట. ఇప్పుడు కాదని ఎలా రాయించమంటారండి? ఉన్నదే రాయండి" అన్నాడు.

ఉన్నదే రాశారు.

బస్సులో నేను మాట్లాడలేదు. రెండేళ్ల తర్వాత ఎంసెట్ ర్యాంకు వచ్చి, నాకంటే వెనక ర్యాంకు వాళ్లకి సీటు వచ్చి నాకు రానప్పుడు ఇంకా ఎక్కువ మాట్లాడలేదు. ఒకసారి మాత్రం అనేశాను, "నీ మాట కోసం నా జీవితం పోగొట్టావు నాన్నా" అని. ఆయన అప్పుడు కూడా తల వంచుకునే ఉన్నాడు. "నిజమేనమ్మా" అన్నాడు. సమర్థించుకోలేదు. అదే నన్ను ఇంకా ఏడిపించింది.

ఇక్కడ మా పెద్దనాన్న గురించి చెప్పకపోతే అన్యాయం. ఆయన తన పిల్లలకి హిందూ అనే రాయించాడు. వాళ్లలో ఒకడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. పెద్దనాన్న ఆదివారం ఆదివారం మా నాన్న పక్కనే గుమ్మం దగ్గర కూర్చునేవాడు, అదే రొట్టె తినేవాడు. మా నాన్న ఆయన్ని ఒక్క మాట అనలేదు, ఆయన మా నాన్నని వెర్రివాడు అనలేదు. నా డిగ్రీ ఫీజు మూడేళ్లూ కట్టింది పెద్దనాన్నే. కాబట్టి ఎవరైనా నా ముందు "కాగితంలో ఒకటి, గుండెలో ఒకటి" అని ఆ కుటుంబాల గురించి తేలిగ్గా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లల కడుపు చూసుకున్న తండ్రిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. తప్పు ఆ రెండిట్లో ఒకటి ఎంచుకోమని నిలబెట్టిన చట్టానిది. 2023 మార్చిలో మన రాష్ట్ర అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో బయటికెళ్లి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. నాన్నకి ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

నా కోపం ఎప్పుడు తగ్గిందో కచ్చితంగా చెప్పలేను. నా పిల్ల పుట్టినప్పుడేమో. హాస్పిటల్లో పుట్టిన బిడ్డని ఐసీయూలో పెట్టి, నలభై ఎనిమిది గంటలు దాటితే గానీ చెప్పలేమన్నప్పుడు, ఆ కారిడార్లో అంతమంది మధ్య, నాకు ప్రార్థన రాలేదు. మాటలే రాలేదు. అప్పుడు నాన్న నా పక్కన కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాడు. చుట్టూ ఎవరున్నారో చూడలేదు. "ప్రభువా, మాకు ధైర్యం లేదు, అయినా నీ పేరే చెప్తున్నాం" అన్నాడు, అదే మొరటు గొంతుతో. ఎదురుగా ఒక ముస్లిం పెద్దావిడ కూడా చేతులు పైకెత్తి కళ్లు మూసుకుంది. ఆ పిల్లకి ఇప్పుడు పన్నెండేళ్లు.

మందిరానికి 1997లోనే మళ్లీ కప్పు వేశారు, తర్వాత స్లాబు. ఆ ఏడు నాన్న మందిరం వెనక కాలవ గట్టున నాలుగు కొబ్బరి మొక్కలు నాటాడు. ఒకటి పోయింది, మూడు బతికాయి. ఇప్పుడు వాటి గెలలు మందిరం స్లాబు మీదకి వంగుతున్నాయి. ఆ కాయల డబ్బు పిడికెడు బియ్యం కుండకే వెళ్తుంది. నాన్న ఒంట్లో బాగున్నంతకాలం ఆ కాయలు ఆయనే ఒలిచేవాడు, కూలీ తీసుకోకుండా.

2019 ఫిబ్రవరిలో, నిద్రలోనే పోయారు. భూస్థాపన రోజు మందిరం నిండిపోయింది, గట్టు మీద కూడా జనం. వాక్యం చదవడానికి రాజమండ్రి నుంచి ఒక సహోదరుడు వచ్చారు. కుర్రాడు, మా నాన్న గురించి పెద్దగా తెలీదు. ఈయనకి ఇష్టమైన భాగం ఏదని అడిగితే పెద్దనాన్న హబక్కూకు మూడు అని చెప్పాడంట. ఆ సహోదరుడు చక్కగా, స్పష్టంగా, "అంజూరపు చెట్లు" అని మొదలుపెట్టారు.

మా ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో మెల్లగా "కొబ్బరి చెట్టు" అన్నారు. చెంగుల కింద నుంచి ఎవరన్నారో కనపడలేదు. ఇంకొకరు అన్నారు. ఆ తుఫాను రాత్రి ఆ గోడ వారన ఉన్న ముసలివాళ్లందరూ, ఒకళ్ల తర్వాత ఒకళ్లు. ఆ సహోదరుడు అర్థంకాక చదవడం ఆపి మా వైపు చూశారు. అప్పుడు నా పక్కన కూర్చున్న మా అమ్మ, ఆ మందిరంలో ఎప్పుడూ గొంతెత్తని మా అమ్మ, తలెత్తి, అందరికీ వినపడేలా అంది:

"కొబ్బరి చెట్టు గెల వెయ్యకపోయినా అని చదవండి బాబూ. ఆయన అలాగే చదివేవారు."